పత్తికొండ లైనులో నా ఆట

తన కొంపకు తానే నిప్పు పెట్టుకున్న మనిషిని మీరెప్పుడూ చూడకపోతే, ఇదిగో, నన్ను చూడండి. అగ్గిపుల్ల నేనే గీశాను. మంట బాగుందని ఎవరో మెచ్చుకుంటే ఇంకాస్త కిరసనాయిలు కూడా నేనే పోశాను.

అప్పట్లో నేను ఆదోనిలో ఒక బట్టల కొట్టు మీది గదిలో కూర్చుని ఫోన్‌లో ఆడుకునే ఆట ఒకటి తయారుచేశాను. పేరు ‘టమోటా ఆటో’. దేవనకొండ నుంచి పత్తికొండ మార్కెట్‌కు టమోటా బాక్సులు వేసుకుని ఆటో తోలాలి. దారిలో బర్రెలు అడ్డొస్తాయి, గుంతలొస్తాయి. వాటిని తప్పించుకుని చేరితే చాలు, డప్పులు మోగి సరుకంతా మంచి ధరకు అమ్ముడుపోతుంది. టీ చల్లారేలోపు ఒక ఆట అయిపోతుంది.

మా నాయన దేవనకొండ పక్క పల్లెలో నిజంగానే టమోటాలు పండించి, నిజంగానే ఆటోలో పత్తికొండకు తోలేవాడు. ఆయన నాకొక గడువు పెట్టాడు. "ఈ కాపు అయిపోయేలోపల నీ ఆట నీకు కూడు పెడితే ఆడనే ఉండు. లేదంటే వచ్చి ఆటో తోలు." ఆటో మాట వింటేనే నాకు నడుము నొప్పి పుట్టేది. కంప్యూటరు ముందు మాత్రం పొద్దంతా కూర్చున్నా ఏ నొప్పీ ఉండేది కాదు.

అదృష్టం, ఆట పట్టుకుంది. ఎవరికనుకున్నారు? మార్కెట్లో వంతు కోసం ఆటోల్లో, ట్రాక్టర్ల మీద పడిగాపులు కాసే రైతులకు. నాయన స్నేహితుడు ఉరుకుందప్ప మామ అయితే మధ్యలో వచ్చే ప్రకటనలను కూడా చివరిదాకా చూసేవాడు. మధ్యలో ఆపితే ఎదుటిమనిషి మాట తుంచేసినట్టు ఉంటుందట. నా సంపాదనంతా ఆ ప్రకటనల మీదే కాబట్టి ఆయన మర్యాదే నాకు అన్నం పెట్టింది.

బుద్ధి ఉన్నవాడైతే అక్కడితో ఆగేవాడు. నేను సలహా కోసం ఎమ్మిగనూరు పోయాను.

అక్కడ ఖాజా అని ఒక మహారాజు ఉండేవాడు. ఫోన్‌లో ఆటలాడటమే ఆయన కొలువు, చుట్టూ శిష్యులు. టీ అంగట్లో నన్ను కూర్చోబెట్టి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పాడు.

"ఇది సిన్నపిల్లోల ఆటన్నా. కష్టమే లేదు దీంట్ల."

"ఏం కష్టం కావాల నీకు?"

"లైను పెట్టు. పొద్దున పోతే మధ్యాన్నం దాకా నిలబడాల. పంచరు పడాల. ఎండకు కాయ మెత్తబడాల. రేటు పడిపోవాల."

"రేటు పడిపోతే ఏం జేస్తారు?"

"రోడ్డు మీద పారబోసి మళ్లా మొదట్నుంచి ఆడతాం. అప్పుడుంటాదన్నా మజా. బంగారు ఆటో ఒకటి అమ్మకానికి పెట్టు, మేమందరం కొంటాం."

"నువ్వెప్పుడన్నా టమోటా బాక్సు ఎత్తినావా ఖాజా?"

"నేను టమోటానే తిననన్నా."

ఈ మాట విన్నాక మీరైతే లేచి వచ్చేసేవారు. నేను ఇంకో టీ చెప్పాను. అంతటి ఆటగాడు నా ఆట గురించి అంతసేపు మాట్లాడేసరికి నాకు మత్తెక్కింది.

ఆయన అడిగినవన్నీ పెట్టాను. వేలంపాటలో కాయను నొక్కి చూసి మొహం చిట్లించే వ్యాపారిని నా సొంత తెలివితో చేర్చాను. కొత్త ఆట అందరి ఫోన్లలోకీ చేరాక, నాయన మెప్పు పొందుదామని పత్తికొండ మార్కెట్‌కు బయలుదేరాను. ఆ రోజు నిజంగానే రేటు పడిపోయింది. బండ్ల లైను రోడ్డు దాకా ఉంది. నాయన ఆటో వెనకే ఉరుకుందప్ప మామ ట్రాక్టరు.

"ఏమప్పా మద్దిలేటీ," అన్నాడు మామ, ఫోన్ నా మొహం ముందు పెట్టి. "ఈడ లైన్లో నిలబడినా. దీంట్ల గూడా లైనేనా?"

"నిజంగా ఉన్నట్లు ఉండాలని పెట్టినా మామా."

"నిజం ఈడ సాలినంత ఉండాది గదప్పా. మా టమోటాకు రేటు వచ్చేది నీ ఆటలో ఒక్కదాంట్లోనే. దాన్ని గూడా పడగొడితివి."

నేను నాయన వైపు తిరిగి అడిగాను, "నువ్వు ఆడతాండావా నాయనా?"

"ముందు దినామూ ఒకాట గెలిసి పండుకుంటాంటి. ఇప్పుడు తీసేసినా."

నాకు తల కొట్టేసినట్టయింది. పక్కకు వెళ్లి ఖాజాకు ఫోన్ చేశాను.

"ఆఖరి దాకా గెలిసేసినాం అన్నా. ఇంగేముండాది దీంట్ల?"

"మరి బంగారు ఆటో?"

"ఊరికే గెలుస్తాంటే ఎవరు కొంటారన్నా?"

"ప్రకటనలన్నా చూసినారా?"

"నెట్టు ఆపేసి ఆడతాం గదన్నా. ప్రకటనలొస్తే ధ్యాస పోతాది."

ఆ వారమే లైను తీసేశాను. అప్పటికే రైతులు బుడగలు పగలగొట్టే ఆటకు వెళ్లిపోయారు. ఖాజా శిష్యులేమో, కష్టం తీసేసి ఆటను నాశనం చేశానని ఊరంతా చాటారు. నాయన కాపు అయిపోయింది, నా గడువూ తీరింది.

ఇప్పుడు కొత్త కాపుకు ఆటో తోలేది నేనే. ఇది కూడా పత్తికొండ లైనులో కూర్చునే రాస్తున్నాను. ఎండ మండుతోంది, వెనక టైరు పంచరు, కాయ మెత్తబడుతోంది, రేటు కూడా పడిపోయిందట. ఖాజా అడిగిన వాటిలో ఒక్కటీ తక్కువ కాలేదు. ఇందాకే ఉరుకుందప్ప మామ ట్రాక్టరు దిగివచ్చి, "ఎట్లుందప్పా, మజా వస్తాందా?" అని అడిగి పోయాడు.

కాబట్టి ఈ ఆటో హ్యాండిలు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ ఆటంటూ చేస్తే అందులో లైను పెట్టను, రేటు పడగొట్టను. టమోటా తినని మనిషిని టమోటా గురించి సలహా అడగను.