దీదీ ఇరవై ఏళ్ల పొదుపు

మా కింది ఫ్లాట్‌లో జపాన్ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉండేవారు. ఆయన హజీరా ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆమె నాకంటే పదేళ్లు పెద్ద, అందుకని దీదీ అనేదాన్ని. మా ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చింది సూరత్ బజారు హిందీయే. కూరగాయలు బేరమాడటానికి నేర్చుకున్న ఆ భాషలోనే కష్టసుఖాలు కూడా చెప్పుకున్నాం.

వాళ్లింట్లో జీతం మొత్తం భార్య చేతికే వస్తుంది. మొగుడికి నెలకింత అని జేబు ఖర్చు ఆమే ఇస్తుంది. ఆయన సిగరెట్లకు ఇంకో వెయ్యి అడిగితే ఆమె కుదరదనడం స్వయంగా చూశాను. పాల ప్యాకెట్టుకు కూడా లెక్క చెప్పే నాకు అసూయ కలిగిన మాట నిజం. ఆ పెత్తనం చాలక, మొగుడికి తెలియకుండా విడిగా కొంత దాచుకోవడం కూడా అక్కడి ఆడవాళ్లకు అలవాటేనట. మా పోపుల డబ్బా డబ్బుల్లాంటివే అన్నాను. దీదీది మాత్రం ఇరవై ఏళ్ల పొదుపు. ఎందుకో కూడా చెప్పింది. ఆయన రిటైరైన మర్నాడే విడిపోయి, వాళ్ల ఊళ్లో ఒంటిగది ఇల్లు తీసుకుంటుందట. ఆయన కొట్టడు, తిట్టడు. అవసరానికి తప్ప మాట్లాడడు, అంతే. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది.

ఒక సోమవారం పొద్దున బూట్లు వేసుకుంటూ ఆయన పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. ఆస్పత్రి బిల్లు కంపెనీ కట్టింది. ఇప్పట్లో విమానం ఎక్కించొద్దన్నారు డాక్టర్లు. జీతం సగమైంది. లేపి కూర్చోబెట్టే మనిషికీ, ఫిజియోకీ ఖర్చు మొదలైంది. ఏడు నెలల్లో దీదీ దాచుకున్నదంతా అయిపోయింది.

సూరత్‌లోనే ఉధ్నా పేటలో మగ్గాల మధ్య బతుకంతా గడిపిన మా అమ్మకు ఇదంతా చెప్పాను.

"గిట్లున్న మనిషిని ఇడిసిపెట్టి ఆమె యాడికి పోతది బిడ్డా" అంది.

అమ్మ మీద కోపం వచ్చింది. ఆ మాట నిజమైనందుకు ఇంకా కోపం వచ్చింది.

ఆయనకు మాట కాస్త తిరిగాక, ఇంత డబ్బు ఎక్కడిదని అడిగాడట. దాచానని దీదీ చెప్పిందట. ఇన్నేళ్లూ నాకోసం దాచావా అని ఆయన ఏడ్చాడట. మెట్ల మీద నిలబడి, దీదీ ఇదంతా ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"మీరేమన్నారు దీదీ?"

"అవును, నీకోసమే అన్నాను."

ఇరవై ఏళ్లలో ఆయన తనతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారట. ఫిజియో వచ్చే వేళైందని లోపలికి వెళ్లిపోయింది.