కర్నూలు నుంచి కడపకు బస్సుతో సమానంగా నీళ్లు తాగుతూ

కడపలోని పంతులమ్మల శిక్షణ బడికి ప్రవేశ పరీక్ష రాయడానికి నేను రెండేళ్లలో రెండుసార్లు ప్రయాణం కట్టాను. మొదటిసారి పరీక్ష మధ్యలో లేచి వచ్చేశాను. చదువు రాక కాదు, మొలల బాధకు కూర్చోలేక. ఈ మాట ఇంత పచ్చిగా రాయకూడదని మా ఇంట్లో అన్నారు. రాయకుండా ఉండను. ఈ దారిన పోబోయే అక్కచెల్లెళ్లకు బస్సు వేళలు చెప్పి, అసలు బాధ దాచిపెడితే నేను రాసి ఏం ప్రయోజనం?

మాది కోడుమూరు. రెండో కాన్పు తర్వాత మొదలైంది ఈ జబ్బు. మా వైపు ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. బస్సెక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచి నీళ్లు ముట్టరు, పొద్దున ఏమీ తినరు. దారిలో దిగాలని అడగడం పరువు తక్కువ. నిరుడు నేనూ అలాగే నోరు కట్టుకుని కడప చేరాను. మర్నాడు తెల్లవారుజామున దొడ్డికి కూర్చుంటే ప్రాణం పోయినంత పనైంది. పరీక్షలో అరగంట కూర్చున్నానో లేదో చీర రక్తంతో తడిసింది. కాగితం ఇచ్చేసి బయటికి వస్తుంటే అక్కడి పెద్దపంతులమ్మ జాలిగానే చెప్పింది, వచ్చే ఏడు ఒక్కసారే అవకాశమని, ఆపైన వయసు మీరిపోతుందని.

తిరుగు దారిలో కర్నూలులో ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాను. రక్తం పడితే చాలు మొలలే అని ఎవరికి వాళ్లు తేల్చుకోకూడదట, ముందు చూపించుకోవాలట. నన్ను పరీక్షించి, మొలలే అని చెప్పి, ఏం తింటున్నావని అడిగింది. మరపట్టిన తెల్లబియ్యం, ఊరగాయ అని చెప్పాను. నేను ఊరి బడిలో పాఠాలు చెప్పడానికి చేరినప్పటి నుంచి మా అత్త రూతమ్మ ఇంట్లో జొన్నరొట్టె మాన్పించింది. పంతులమ్మ ఇంట్లో వరికూడు ఉడక్కపోతే ఊళ్లో తలెత్తుకోలేమని ఆమె బాధ. ఆ గొప్ప ఎక్కడికి చేరిందో నాకు తెలుసు. డాక్టరమ్మ మాట మీద ఏడాదంతా జొన్నరొట్టె, తోటకూర పప్పు తిన్నాను, మజ్జిగ తాగాను. ఊరగాయ జాడీ జోలికి పోలేదు. నీళ్లు దండిగా తాగాను. కడుపు పిలిచినప్పుడే చెంబు పట్టుకుని పోయాను, చీకటి పడేదాకా బిగబట్టలేదు. ముక్కడం, అక్కడే గంటలకొద్దీ కూర్చోవడం మానేశాను. బాధ ఎక్కువైన రోజు గోరువెచ్చని నీళ్లు పోసిన తొట్టిలో కాసేపు కూర్చునేదాన్ని. మూడు నెలలకు రక్తం ఆగింది. ఇక మిగిలింది ఆ ప్రయాణమే.

కర్నూలులో చిన్నమ్మ ఇంట్లో పడుకుని, తెల్లవారి ఐదున్నరకు నంద్యాల బస్సు ఎక్కాం, నేనూ, తోడుగా అత్తా. టిక్కెట్టు మనిషికి పద్నాలుగు అణాలు. పెట్రోలు దొరకని యుద్ధం రోజులు కాబట్టి అది బొగ్గు పొగతో నడిచే బస్సు. వెనక పొయ్యి, లోపల చెక్కబల్లలు. మడిచిన దుప్పటి వేసుకుని కూర్చున్నాను, మీరూ ఒకటి తెచ్చుకోండి. ఓర్వకల్లు దాటగానే మూట విప్పి రొట్టె తిని, ముంతెడు నీళ్లు తాగాను. బస్సులో ఏడుగురు ఆడవాళ్లం. ఆరుగురూ నన్నే చూశారు.

"ఎస్తేరూ, ఏం చేస్తాండావు? కడప ఇంకా యాడుందో తెలుసునా?" అంది అత్త గొంతు తగ్గించి.

"తెలుసత్తా. అందుకే తాగుతాండా."

పదింటికి నంద్యాల చేరాం. అక్కడ సత్రం వెనక మరుగుదొడ్డి ఉంది, గుర్తుపెట్టుకోండి. పదకొండింటికి కడప బస్సు, రూపాయి పది అణాలు. మాతో వచ్చిన ఆడవాళ్లందరూ అందులోకే మారారు. శిరివెళ్ల, ఆళ్లగడ్డ, మధ్యలో పేరు లేని చోట్ల కూడా బస్సు ఆగింది. ఆగినప్పుడల్లా డ్రైవరు మస్తాన్ పొయ్యి కలబెట్టి, ఇంజనుకు బిందెడు నీళ్లు పోసేవాడు. మగవాళ్లు దిగి కంపచెట్ల వైపు పోయి, బీడీ వెలిగించుకుని తిరిగొచ్చేవాళ్లు. ఆడవాళ్లు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆళ్లగడ్డ దాటిన గంటకు నాకు దిగాల్సి వచ్చింది. నిరుడైతే పళ్లు బిగించేదాన్ని. ఈసారి లేచి నిలబడి బస్సు నిలపమన్నాను.

"ఏమమ్మా, ఈడ ఊరు గూడా ల్యాదు, యాడికి పోతావు?" అన్నాడు మస్తాన్ వెనక్కి తిరక్కుండానే.

"ఆ జొన్నచేన్లోకి పోతా."

మగవాళ్లు నవ్వారు. "చాగలమర్రి దాకా ఓర్చుకోమ్మా. నిలిపితే మల్లా పొగ పట్టేకి శానాసేపు పడతాది," అన్నాడు.

"నంద్యాల్నించీ నీ బండికి ఎన్ని బిందెలు పోసినావప్పా? అది ఓర్చుకోల్యాక పోతాందని నిలుపుతాండావు కదా. బీడీలకు నిలిపినావు. మా ఏడుమందికి ఒకతూరి నిలపల్యావా?"

అత్త నా కొంగు పట్టి లాగింది. నేను కూర్చోలేదు. మస్తాన్ ఏదో గొణిగి, బండి పక్కకు తీసి ఆపాడు. చెంబుతో నీళ్లు తీసుకుని ఒక్కదాన్నే దిగాను. సిగ్గేసింది, కాదనను. చేను తలెత్తు ఉంది. రెండు సాళ్లు దాటానో లేదో వెనక నుంచి, "ఓ పంతులమ్మా, నిలబడు, నేనూ వస్తాండా," అని ఒక ముసలమ్మ కేక. ఆమె వెనక ఇంకో ఇద్దరు, ఆ వెనక మిగతావాళ్లు. అందరికన్నా చివర్న మా అత్త.

తిరిగి ఎక్కాక అత్త నా వైపు చూడకుండా చెయ్యి చాపింది. "ఆ ముంత ఇట్లియ్యి." ముంతలో ఉన్నదంతా తాగేసి, కిటికీ వైపు తిరిగి మెల్లగా అంది. "నాకూ ఉండాది ఆ రోగం. ఇరవై ఏండ్లాయ. చెప్పుకునేకి నోరు రాల్యా."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్లు నాతో ఒకే ఇంట్లో ఉండి, ఆమె బాధ ఆమె దాచుకుంది. అదే బాధ నాకూ నేర్పబోయింది, నా మంచి కోసమే అనుకుని. మూటలో మిగిలిన రొట్టె ఆమె చేతిలో పెట్టాను. పరువు సంగతి ఎత్తకుండా తింది.

మైదుకూరు మీదుగా రాత్రి ఏడింటికి కడప చేరాం. మర్నాడు పరీక్ష మూడు గంటలు. చివరి గంట కొట్టేదాకా రాశాను. బయట ఎండలో కాచుకుని ఉన్న అత్త ఎలా రాశావని అడగలేదు.

"కూచున్యావా?" అంది.

"కూచున్యా అత్తా."

ఫలితం ఇంకా రాలేదు. తప్పినా పరీక్షలోనే తప్పుతాను, చెక్కబల్లకు మాత్రం ఓడిపోను. ఏడాది తిండి మార్చుకోవడం నాకు అంత కష్టమనిపించలేదు. ఆ బస్సులో లేచి నిలబడి నోరు తెరవడమే కష్టమైంది. నేను దిగేదాకా ఆ ఆరుగురూ ఎవరో ఒకరు లేస్తారని చూస్తూ ఉన్నారని నాకిప్పుడు తెలుసు. ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరం జొన్నరొట్టె తింటున్నాం, వాకిట్లోనే కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా.

ఈ దారిన పోయే ఆడవాళ్లకు ఒక్క మాట: ముందురోజు నీళ్లు మానకండి, రెండు ముంతలు తెచ్చుకోండి. రెండోది మీ పక్కన కూర్చున్నామెకు.