అత్త గోడ మీది యుద్ధం

మొన్న ఖమ్మంలో పగిలిన అద్దం మార్పిద్దామని పటం తీసుకెళితే దుకాణం అతను కళ్లజోడు పైకి తోసుకుని, "ఇది ఏ సినిమాది సార్?" అన్నాడు. సినిమా కాదు, వెనకటికి అమెరికావాళ్లు తమలో తాము చేసుకున్న యుద్ధం అని చెప్పాను. "వాళ్లు గూడ కొట్టుకున్నరా" అని, ఎందుకో తృప్తిపడి మేకులు పీకడం మొదలుపెట్టాడు.

ఆ పటం టేకులపల్లిలో ఉండే మా మేనత్తది. అత్త మిషన్ దవాఖానాలో ఆయాగా చేసేది. అక్కడి దొరసాని నర్సు స్వదేశం వెళ్లిపోతూ ఏం కావాలో తీసుకోమంటే, కుర్చీలూ బల్లలూ వదిలేసి దీన్ని మోసుకొచ్చింది. బొమ్మ మీద మోజుతో కాదు, ఆ టేకు చట్రంలో ఏసుప్రభువును పెట్టుకోవాలని. ఆ కొలతకు సరిపోయే ప్రభువు ఎక్కడా దొరకలేదు. అందుకని వడ్ల గుమ్మి పైన పొగ, గుర్రాలు, రెండు జెండాలు, నీలం కోట్లవాళ్లు, బూడిదరంగు కోట్లవాళ్లు అలాగే ఉండిపోయారు. అత్త వాళ్ల కిందే మోకరించి ప్రార్థన చేసుకునేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు అక్కడి బళ్లో ఉద్యోగం వచ్చి అత్త ఇంట్లోనే ఉన్నాను. అప్పటికే ఆమె కొడుకు, మా బావ, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లి అడవిలో నక్సలైటు అన్నల్లో కలిశాడు. ఆ వానాకాలం ఒక సాయంత్రం తుపాకులతో నలుగురు అడవిలోంచి వచ్చి మంచినీళ్లు అడిగారు. తాగుతూ ఒకతను పటం చూసి, "గెలిచిందెవరమ్మా?" అన్నాడు. వారం తిరక్కుండా పోలీసులు వచ్చారు. గుమ్మిలో వడ్లు కూడా కెలికి చూశాక, వాళ్లలో పెద్దాయన కూడా అదే అడిగాడు. అత్త రెండుసార్లూ బొమ్మ మూలన వెల్లకిలా పడి ఉన్న సిపాయినే చూపించి, "గెలిచిందెవరో నాకెర్క లేదు బిడ్డా. గీ పడ్డోని తల్లికి కబురు పోయిందో లేదో, రోజూ గదే సూస్త. మా పిలగాడు మీకేడన్న కనవడ్డడా?" అంది. వాళ్లు చెంబు గడప మీద పెట్టి అడవిలోకి వెళ్లిపోయారు, వీళ్లు జీపెక్కి వెళ్లిపోయారు.

బావ కబురు అత్త పోయేదాకా రాలేదు. తర్వాతా రాలేదు.

కొత్త అద్దం బిగించి ఇస్తూ దుకాణం అతను, "ఎవరు గెలిచిండ్రో ఫోన్ల సూడుండ్రి సార్" అన్నాడు. పటం అడుగున ఇంగ్లీషులో ఉన్న యుద్ధం పేరు కొట్టి చూశాను. ఏ ఊరి దగ్గర జరిగిందో, ఏ సేనాపతి గెలిచాడో, అన్నీ ఉన్నాయి. ఆ మూలన పడ్డవాడి తల్లికి కబురు అందిందో లేదో మాత్రం, ఇన్నేళ్లలో ఎవరూ రాయలేదు.