ఫైసల్‌కి మెత్తటి తూటాలు

ఒక్క తుపాకీతో, రెండు డబ్బాల తూటాలతో, ఎవరి ఒంటి మీదా గీత కూడా పడకుండా ఒక కంపెనీ మొత్తాన్ని నేలమట్టం చేసిన ఘనుణ్ణి నేను. యుద్ధాల్లో ఆరితేరినవాళ్లకి కూడా ఇది చేతకాదు. ఎలా చేశావయ్యా అని మీరు అడగకపోయినా చెబుతాను. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే నాకు నా మీదే ఒళ్లు మండుతుంది. ఆ మంట కాస్త మీకూ పంచితే నాకు చల్లగా ఉంటుంది.

అప్పట్లో నేను దమ్మామ్‌లో ఏసీలు బిగించే ఒక చిన్న కంపెనీలో లెక్కలూ కాగితాలూ చూసేవాణ్ణి. మా ఆవిడ గ్రేసు అదే ఊళ్లో ఒక ఆసుపత్రిలో నర్సు. పెళ్లయ్యాక నాలుగేళ్లు ఆవిడ అక్కడ, నేను కాకినాడలో ఉండి, చివరికి నాకూ ఒక వీసా దొరికి, ఇద్దరం ఒకే గదిలో కాపురం పెట్టి రెండేళ్లు కాలేదు. సరిగ్గా అప్పుడే నితాఖత్ వచ్చింది.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలని ప్రభుత్వం లెక్క కట్టింది. ఉంటే కంపెనీకి పచ్చ రంగు, లేకపోతే ఎరుపు. పచ్చలో ఉంటే మన ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యూ అవుతుంది. ఎరుపులో పడితే అవదు, పెట్టె సర్దుకోవడమే. ఇది చాలదన్నట్టు పరాయి దేశస్థుల తలకింత అని లెవీ ఒకటి. మా కంపెనీలో పరాయివాళ్లం ఎనిమిదిమందిమి, సౌదీ ఒకే ఒక్కడు. అతని పేరు ఫైసల్. మా ఎనిమిదిమంది బతుకులూ అతని ఒక్క పేరు మీద వేలాడుతున్నాయి.

ఫైసల్‌కి ఇరవై మూడేళ్లు. మంచివాడే, కాదనను. ఎండ నడినెత్తికి వచ్చాక అత్తరు ఘుమఘుమలాడుతూ వచ్చి, తిరిగే కుర్చీలో రెండు చుట్లు తిరిగి, గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, తాగి, నమాజుకని లేచి వెళ్లిపోయేవాడు. మళ్లీ మర్నాడే దర్శనం. అతను తుమ్మితే మా మేనేజరు రాజుగారు ఏసీ వైపు చూసి, తర్వాత నా వైపు చూసేవారు. భీమవరం మనిషి. కూతురి అత్తవారిక్కూడా ఆయన అన్ని మర్యాదలు చేసి ఉండరు.

"అతనికేం కావాలో చూసుకోవయ్యా సుధాకర్. పని చెయ్యమని మాత్రం అనకు. పని చెయ్యడానికి మనం ఉన్నాం కదా," అనేవారు.

ఒకరోజు ఫైసల్ కుర్చీలో వెనక్కి వాలి ఆవలించాడు. మా మాటలు సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"ఈ ఆఫీసు విసుగ్గా ఉంది సుధాకర్. మానేద్దామనుకుంటున్నా," అన్నాడు.

నా ఇఖామా గడువు ఆ నెలాఖరుకే. "ఎందుకలా? నీకేది ఇష్టమో చెప్పు," అన్నాను.

"వేట. నాకు లైసెన్సు వచ్చింది. మొదటి రైఫిల్ కొనాలి. సెమీ ఆటోమేటిక్. మా పెదనాన్న కొడుకులందరికీ ఉన్నాయి. నీకు తుపాకుల గురించి తెలుసా?"

తెలియదు అని నాలుగక్షరాల మాట ఒకటి మన భాషలో ఉంది. దాన్ని అరబ్బీలో ఎలా అనాలో కూడా నాకు తెలుసు. అయినా నా నోట వచ్చిన మాట, "ఎందుకు తెలియదు, నేను ఎన్‌సీసీ".

ఎన్‌సీసీలో నా పరాక్రమం ఏమిటంటే, ఒకే ఒక్కసారి బోర్లా పడుకోబెట్టి తుపాకీ చేతికిచ్చారు. కళ్లు మూసుకుని కాల్చాను. నా అట్ట మీద ఒక్క చిల్లూ పడలేదు. పక్కవాడి అట్ట మీద లెక్కకి మించి పడ్డాయి, వాడికి ప్రైజొచ్చింది. ఆ సంగతి ఫైసల్‌కి చెప్పలేదు.

ఇంటికెళ్లి గ్రేసుకి చెప్పాను. "క్రిస్మస్‌కి తారాజువ్వ వెలిగించి మా నాన్నగారి పంచె తగలబెట్టారు. మీరా తుపాకీ కొనిపెట్టేది?" అంది. నేను విన్నానా? వినలేదు. కంప్యూటరు ముందు కూర్చుని వీడియోల మీద వీడియోలు చూసి పండితుణ్ణైపోయాను. మర్నాడు ఫైసల్‌ని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను.

"సెమీ ఆటోమేటిక్ అంటే ఒకసారి ట్రిగ్గర్ నొక్కితే ఒకటే పేలుతుంది. తర్వాతి తూటాని అదే లోపలికి తెచ్చుకుంటుంది. మళ్లీ పేలాలంటే మళ్లీ నొక్కాలి. ఇక తూటా. గొట్టం మీద ఏ సైజు చెక్కి ఉందో, డబ్బా మీద అచ్చం అదే ఉండాలి. ఇంచుమించు సరిపోతుందిలే అంటే కుదరదు."

ఫైసల్ కుర్చీ తిప్పడం మానేసి విన్నాడు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న రాజుగారి కళ్లు చెమర్చాయి. ఏడాదిన్నరగా ఆ ఆఫీసులో ఫైసల్ దేని మీదైనా మనసు పెట్టడం ఆయన చూసింది అదే మొదలు.

అక్కడ ఆగినా బాగుండేది. ఆ వారం వేట సామాన్ల దుకాణానికి అతనితో కలిసి వెళ్లాను. ఇక్కడ నా బుర్ర ఎలా పనిచేసిందో వినండి. ఈ కుర్రాడికి భుజం బెణికినా, వేలు చితికినా, భయపడి జ్వరం తెచ్చుకున్నా, వాళ్లమ్మ ఉద్యోగం మానిపించేస్తుంది. మానేస్తే మా రంగు పోతుంది. రంగు పోతే నా ఇఖామా పోతుంది. అందుకని అన్నీ మెత్తగా, మృదువుగా, పసిపిల్లవాడికి ఉగ్గు పెట్టినట్టు ఉండాలి.

ఫైసల్ చెయ్యి గోడ మీదున్న పెద్ద తుపాకీ వైపు వెళ్లింది. నేను లాగేసి ఓ మూల ఉన్న ట్వంటీటూ సైజు చిన్న రైఫిల్ చూపించాను. దుకాణదారు పెద్దాయన, "మొదటిదానికి ఇదే మంచిది. తేలిక, భుజం మీద దెబ్బ ఉండదు," అన్నాడు. నా ఛాతీ పొంగింది. ఆయన ఒక తూటాల డబ్బా తీసి పెట్టాడు.

"ఇంతకంటే మెత్తటివి లేవా?" అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "ఉన్నాయి. అదే సైజు, వేగం తక్కువ, చప్పుడు తక్కువ. కానీ ఈ రైఫిల్‌కి అవి చాలవు. తూటా పేలిన ఊపుతోనే కదా ఇది ఖాళీ తొడుగుని బయటికి నెట్టి కొత్తది తెచ్చుకోవాలి. ఊపు లేకపోతే మధ్యలో ఇరుక్కుంటుంది. చేత్తో లాగి కాల్చే రైఫిల్ అయితే నడుస్తుంది."

అంత విడమరిచి ఎవరు చెబుతారండీ? చిన్నపిల్లవాడికైనా అర్థమవుతుంది. నాకు మాత్రం ఆయన ఖరీదైన డబ్బా అంటగడుతున్నాడనిపించింది. "కొత్త మనిషి. మెత్తటివే ఇవ్వండి," అన్నాను గంభీరంగా.

ఫైసల్ దుకాణదారుతో, "ఇతను ఇండియాలో మిలిటరీ," అన్నాడు. ఎన్‌సీసీ ఎప్పుడు మిలిటరీ అయిందో నాకు తెలియదు. నేను సరిదిద్దలేదు.

శుక్రవారం ఉదయం ఊరి బయట ఎడారిలో ఉన్న షూటింగ్ క్లబ్బుకి వెళ్లాం. ఫైసల్ పెదనాన్న కొడుకులు ముగ్గురు ముందే వచ్చి తివాచీ పరుచుకుని కూర్చున్నారు. ఫైసల్ గురి చూసి నొక్కాడు. టప్. చాలా మర్యాదగా పేలింది. రెండోసారి నొక్కాడు. ఏమీ లేదు. క్లబ్బు శిక్షకుడు వచ్చి, గొట్టం దూరంగా తిప్పించి, ఇరుక్కున్న తొడుగు తీసి ఇచ్చాడు. మళ్లీ టప్. మళ్లీ ఇరుక్కుంది. ఆయన మళ్లీ వచ్చాడు. నాలుగోసారికి ఆయన వెనక్కి వెళ్లడం మానేసి అక్కడే నిలబడ్డాడు.

"ఇదేం సెమీ ఆటోమేటిక్‌రా, ప్రతి తూటాకీ ఒక మనిషి కావాలి," అన్నాడు పెద్దవాడు.

"అచ్చం ఆఫీసులో ఫైసల్ లాగే ఉంది. ప్రతి పనికీ ఎవరో ఒకరు తొయ్యాలి," అన్నాడు రెండోవాడు. మూడోవాడు నవ్వాపుకోలేక తివాచీ మీద పడి దొర్లాడు.

శిక్షకుడు డబ్బా తిప్పి చూసి, "వీటిని ఎవరు కొనిపించారు?" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను ఎడారి అందాలు చూస్తున్నాను.

ఫైసల్ రైఫిల్ సర్దుకుని, కారెక్కి, నన్నక్కడే వదిలేసి పోయాడు. దమ్మామ్‌కి నేను గొర్రెలు తోలుకొస్తున్న పికప్ వెనకాల, గొర్రెల మధ్య నిలబడి వచ్చాను. దారిలో ఫోనుకి మెసేజ్: "రేపటి నుంచి రాను."

రాజుగారు తల పట్టుకున్నారు. "అతను రావడం ఎవడిక్కావాలయ్యా? పేరుండాలి. పేరుంటే చాలు. నువ్వెళ్లి కాళ్లో గడ్డమో పట్టుకో."

గ్రేసు అంతకంటే తక్కువ మాట్లాడింది. "మళ్లీ నాలుగేళ్లు ఫోన్లో కాపురం నావల్ల కాదండీ," అని ఆసుపత్రికి వెళ్లిపోయింది. ఆ మాటకి నాకు భయం నిజంగా పట్టుకుంది.

దుకాణానికి పరిగెత్తి, పెద్దాయన ముందు తల వంచుకుని, ఆయన మొదట చూపించిన డబ్బాయే కావాలన్నాను. ఆయన ఇంకా వింతగా చూశాడు. తూటాలు అమ్మేది లైసెన్సున్న మనిషికే కాబట్టి ఫైసల్ ఇంటికెళ్లి, గుమ్మంలో గంటసేపు బతిమాలి, దుకాణానికీ అక్కణ్ణుంచి క్లబ్బుకీ తీసుకెళ్లాను. ఈసారి టప్, టప్, టప్, టప్. ఒక్కటీ ఆగలేదు. శిక్షకుడు అట్ట తెచ్చి చూసి, "నీ కన్ను మంచిది. రోజూ తెల్లవారగానే రా, నేర్పిస్తాను," అన్నాడు. ఫైసల్ నన్ను కౌగిలించుకున్నాడు. ఉద్యోగం మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఆ సాయంత్రం రాజుగారు ఆఫీసందరికీ కునాఫా మిఠాయి తెప్పించారు.

మూడు వారాలు స్వర్గం. ఫైసల్ ఆఫీసుకి రావడం తగ్గింది, కానీ పేరుంది కదా. నెలాఖరు దగ్గరపడింది. మర్నాడు పదింటికి బ్యాంకులో ఫీజు కట్టి నా ఇఖామా రెన్యూవల్ పెడదామని కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాను.

మర్నాడు ఏడింటికి తాళం తీద్దామని వెళ్తే, తలుపు దగ్గర ఫైసల్. చేతిలో మిఠాయి పెట్టె. ఒంటి మీద ఇస్త్రీ నలగని యూనిఫాం. ఏడాదిన్నరలో అతను ఆఫీసుకి టైముకి వచ్చింది ఆ ఒక్కరోజే.

"సుధాకర్, నాకు సెక్యూరిటీ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. నా గురి చూసి శిక్షకుడే చెప్పి పెట్టించాడు. అంతా నీవల్లే. నువ్వు ఆ పనికిరాని తూటాలు కొనిపెట్టకపోతే నాకు సిగ్గూ వచ్చేది కాదు, నేర్చుకునేవాణ్ణీ కాదు."

"చాలా సంతోషం. వచ్చే వారం చేరు," అన్నాను.

"కుదరదు. ఇక్కడ నా పేరు ఇవాళే తీయించాలి. లేకపోతే వాళ్లు అక్కడ నమోదు చెయ్యలేరు. ఎనిమిదింటికల్లా రమ్మన్నారు. నేను ఆలస్యంగా వెళ్లే మనిషిని కాదు," అన్నాడు.

రాజుగారు వచ్చి, యూనిఫాం చూసి, మిఠాయి చూసి, కుర్చీలో కూలబడ్డారు. అప్పుడు ఆయన అన్న మాట ఈ జన్మకి మరచిపోను. "తుపాకీ పేలకపోతే అలిగి పోతానన్నాడు. పేలితే నవ్వుతూ పోతున్నాడు. నీ చేతిలో పడ్డవాడు ఎలాగైనా పోతాడన్నమాట."

ఎనిమిదింటికి ఫైసల్ పేరు పోయింది. పదింటికి నేను చూసేసరికి కంపెనీ ఎరుపులో పడి రెన్యూవల్ పని ఆగిపోయింది. కొన్నాళ్లకి కంపెనీకి తాళం పడింది. గ్రేసు దమ్మామ్‌లో, నేను కాకినాడలో. మరో వీసా దొరికి నేను తిరిగి వెళ్లేసరికి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో నాకు ఒక్కరోజు కూడా ఇది నవ్వుకునే సంగతిగా కనిపించలేదు. ఇప్పుడు నవ్వుతున్నానంటే, ఆవిడ పక్క గదిలో ఉంది కాబట్టి.

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా: తుపాకుల గురించి గానీ, తూటాల గురించి గానీ, నాకు తెలియని మరే విషయం గురించి గానీ, ఇకమీదట నన్నెవరూ సలహా అడగరాదు. అడిగినా నేను చెప్పను. పొరపాటున చెప్పినా మీరు వినరాదు. ఒకవేళ విని, దానివల్ల ఖర్మకాలి మీరు బాగుపడ్డారే అనుకోండి, నాదొక్కటే మనవి. ఆ రాజీనామా ఏదో నా ఇఖామా పని అయ్యాక ఇవ్వండి.