నీలంలో ముంచని జల్లెడ

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట అది. శాంతక్క ఉంది కదా, ఎప్పుడో ఒకప్పుడు చెప్పొచ్చులే అనుకుంటూ వచ్చాను. మొన్న ఆమె పోయింది. ఇప్పుడు ఎవరికి చెప్పాలి? మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మాది తొర్రూరు. ఆమెది దంతాలపల్లి దగ్గర తండా. సముద్రం ఒడ్డునున్న ఒక ఊళ్లో, ఒకే ల్యాబులో పనిచేశాం. పరిశోధన ఆమెది, నేను సహాయకురాలిని. సముద్రం అడుగు నుంచి తెచ్చిన బురదను సన్నటి జల్లెడలో కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద తడి కుంచెతో పెంకులు ఏరేవాళ్లం. రొయ్యకు దూరపు చుట్టాలైన జీవుల పెంకులవి. నువ్వుగింజలో సగం కూడా ఉండవు. ఏ జాతిదో గుర్తుపడితే ఆ బురద ఏ లోతులో పేరుకుందో చెప్పొచ్చు.

ఒక బురద అయ్యాక జల్లెడను కడిగి నీలిరంగు నీళ్లలో ముంచాలి. సందుల్లో పాత పెంకు ఇరుక్కుంటే దానికి నీలమెక్కుతుంది. తర్వాత కనబడితే పక్కన పెట్టేయొచ్చు. మా ఇంట్లో పిండి జల్లెడను ఎవరూ తడపరు. అరచేత్తో తట్టి, దులిపి, మేకుకు తగిలిస్తారు. ఆ రోజు ఒడ్డు దగ్గరి బురద అయ్యాక, ఆరిన జల్లెడను నేనూ అలాగే తట్టి, లోతు బురద అందులో పోశాను. చెయ్యి దానంతటదే చేసిందా? బద్ధకమా? ఎన్నిసార్లు అడుక్కున్నా తేలలేదు.

ఆ లోతు బురదలో శాంతక్కకు ఒడ్డున మాత్రమే బతికే జాతి పెంకులు కనబడ్డాయి. అంటే ఒకప్పుడు తీరం అక్కడే ఉండేదన్నమాట. ఆమె సంతోషం చూస్తుంటే నేను ముంచని జల్లెడ గుర్తొచ్చింది.

"చెల్లె, జల్లెడ నీలంల ముంచినవా?" అని అడిగింది.

"ముంచిన అక్కా."

"నిజంగ?"

"గిదేంది, జల్లెడకు గూడ ఒట్టు పెట్టాల్నా?"

ఆమె నవ్వింది. "నీ మాట మీద రాస్తున్న మరి. తప్పయిందో, చెరువులు తప్ప చూడనోళ్లకు సముద్రమెందుకని గీ ల్యాబోళ్లు మల్ల మొదలువెడ్తరు."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. మళ్లీ జల్లించేవాళ్లం, అంతే. పని పోతుందని భయపడ్డానా, లేక ఆమె ముందు చిన్నబోవడం ఇష్టం లేకపోయిందా?

ఆమె పరిశోధనను చూసే గైడుకు అనుమానం వచ్చింది. మిగిలిన బురదను వేరేవాళ్లతో జల్లింపించాడు. ఒడ్డు పెంకు ఒక్కటీ దొరకలేదు. శాంతక్కే కావాలని ఒడ్డు పెంకులు కలిపిందన్నారు. జల్లెడ ముంచిందెవరని అడిగితే "ముంచినం సార్" అంది. నేను పక్కనే ఉన్నాను. చెల్లె ముంచింది అనలేదు. ముంచినం అంది. ఆ మాటలో నన్ను నమ్మిందా, నిజం తెలిసి కూడా దాచిందా? ఇన్నేళ్లుగా దాని చుట్టూనే తిరుగుతున్నాను. ఒక్కో రోజు మొదటిది ఎక్కువ భయపెడుతుంది, ఒక్కో రోజు రెండోది.

ఆమె పరిశోధన వదిలేసి వచ్చి, తొర్రూరులో పిల్లలకు పాఠాలు చెప్పింది. నేను ఊరికి వచ్చినప్పుడల్లా ఆ బడి వీధి తప్పించుకుని తిరిగాను.

ఆమె పోయాక తండాకు వెళ్లాను. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, తన బిడ్డను నమ్మింది నేనొక్కదాన్నేనని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నేను కాదనలేదు. ఆ మౌనం రెండో అబద్ధం.

ఆ అవ్వకు చెప్తానా? తెలియదు. శాంతక్క ఏమీ కలపలేదు. తప్పు నాది. ఇది రాశాక భయం తగ్గలేదు. కాకపోతే ఇది ఇక నాకొక్కదానికే తెలిసిన సంగతి కాదు.