బాబా తుపాకీకి దసరా

మొన్న మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా వీధి పక్కన అరబ్బుల పెళ్లి డేరా వేశారు. ముసలివాళ్లు పాత తుపాకులు పట్టుకుని వరసగా ఊగుతుంటే నా కళ్లు వాటి ఇత్తడి పట్టీల మీదకే పోయాయి, ఎవరైనా చింతపండుతో తోమారేమోనని! ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఒకప్పుడు ఆ చింతపండే పెద్ద గొడవ తెచ్చింది.

కరోనా తగ్గుముఖం పట్టాక ఫుజైరాలో ఒక పెద్దాయనకు ఇంట్లోనే నర్సుగా ఉండేదాన్ని. అందరం ఆయన్ని బాబా అనేవాళ్లం. ఎప్పుడో ఏ సైన్యమో వదిలించుకున్న తుపాకీ ఒకటి ఆయన అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ గోడకు వేలాడేది. తన పెళ్లిలో దాన్ని తిప్పుతూ ఆడానని, బొంబాయిలో నేర్చిన హిందీలో ఆయన చెప్పని రోజు లేదు. పెద్దకొడుక్కి మాత్రం అది అమ్మకపు సరుకు. వెల కట్టేవాణ్ణి రమ్మని కబురు పెట్టాడు. ఆ పూట బాబా అన్నం ముట్టలేదు. బీపీ చూస్తే నాకే భయమేసింది.

ఆ ఇంటి డ్రైవరు జగిత్యాల వైపు అబ్బాయి, నన్ను అక్కా అనేవాడు. వెల కట్టేవాడు వచ్చేలోపు పడిన దసరాకు కారు కడిగి నిమ్మకాయలు పెట్టి, పనిలో పనిగా తుపాకీనీ దించాడు. చింతపండుతో ఇత్తడిని, ఉప్పుకాగితంతో ఇనుమును తళతళలాడించి బొట్టు పెట్టాడు. "బండికి చేసి తుపాకిని ఎట్ల ఇడుస్తనక్కా? అసలు ఆయుధం గదే గద! తుప్పు పోతే ధర గూడ మంచిగొస్తది" అని మురిసిపోయాడు.

వెల కట్టేవాడు గొట్టాన్ని వెలుగులోకి తిప్పాడు. వేలితో తడిమాడు. "ధర ఏళ్లుగా పట్టిన ఆ పాత నలుపుకే. అది పోయింది, తయారీ ముద్రలూ అరిగాయి. ఇది ఇప్పుడు వట్టి ఇనుము" అంటూ వేలికంటిన కుంకుమ చూపించాడు.

"కౌన్ కియా?" అని అరిచాడు పెద్దకొడుకు.

"మైనే, సాబ్" అన్నాడు డ్రైవరు.

"యల్లా, సామాను సర్దుకో. నీ వీసా ఖలాస్!"

ఊళ్లో వాడి ఇల్లంతా ఆ ఉద్యోగం మీదే బతుకుతోంది. నేను నోరు తెరిచేలోగా బాబా చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"అయితే దీన్నెవరూ కొనరు, అంతేనా?" అని వెల కట్టేవాణ్ణి అడిగాడు. కొనరన్నాడతను. బాబా కొడుకు వైపు తిరిగాడు. "వీడి వీసా నా పేరు మీదుంది. వీడి కఫీల్‌ని నేను, నువ్వు కాదు. తుపాకీ గోడకే ఉంటుంది. మళ్లీ తగిలించేది వీడే." ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ మరుసటి ఏడే బాబా పోయాడు. డ్రైవరు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. మొన్న పెళ్లి డేరా చూసి వచ్చి వాడికి ఫోన్ చేశాను.

"తుపాకి మల్ల నల్లవడుతున్నదక్కా. తోముదామంటే చెయ్యి వోతలేదు" అన్నాడు.

వాడు గీకేసిన కాలం మెల్లగా మళ్లీ పట్టుకుంటోందన్నమాట. కాకపోతే ఈసారి పడుతున్న నలుపు, బాబా లేని ఏళ్లది.