మామ బుగ్గలు

కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే కాలం అది. డిగ్రీ అయిపోయి కోరుట్ల బస్టాండు పక్కన కంప్యూటర్ సెంటర్లో కుదిరిన నాకు ప్రోగ్రాములు రాయడం వచ్చునని గట్టి నమ్మకం (మా అమ్మకు తప్ప ఇంకెవరికీ ఆ నమ్మకం లేదు). గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు వీసా ఫొటోల కోసం రోజూ వచ్చేవారు. బటన్ నొక్కితే ఒకే ఫొటో కావలసిన సైజులన్నిటిలో రావాలన్నారు మా సార్. రాశాను. నా ప్రోగ్రాంకు మొదట దొరికింది మా మేనమామ.

మామ తంగళ్ళపల్లిలో మరమగ్గం నడిపేవాడు. మగ్గాలు ఆగి నెలలయ్యాయి. ఇక గత్యంతరం లేక దుబాయికి ఒప్పుకుని అత్తతో కలిసి వచ్చాడు. "జగిత్యాల ఏజెంటు సాయంత్రం లోపల ఫొటోలు తెమ్మన్నడు బిడ్డా. లేకుంటే నా జాగల ఇంకొకన్ని పంపుతడట" అన్నాడు, ఎవరిదో ఇస్త్రీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటూ. సార్ ఫొటో తీసి కంప్యూటర్లో వేసి, కెమెరాతో సారంగాపూర్‌లో పెళ్లికి వెళ్లిపోయారు. మళ్లీ తీద్దామన్నా వీల్లేదు. స్టూడియోకు వెళితే కడిగి ఇచ్చేది రేపే.

బటన్ నొక్కాను. నిలువు ఫొటోను చదరపు గడిలో కుక్కేసరికి మామ ముఖం అడ్డంగా సాగి పూరీలా ఉబ్బింది. "ఏందే గిది? గీ బుగ్గలు ఎవలియే?" అంది అత్త. "దుబాయి తిండి తిన్నంక అచ్చే బుగ్గలు ముందుగాలనే అచ్చినయి తియ్" అని మామ ఒక్కడే నవ్వాడు.

పొడవు, వెడల్పు ఒకే లెక్కన తగ్గేలా, మిగిలిన అంచులు తెగేలా మార్చాను. బుగ్గలు తగ్గాయి. కానీ ముఖమంతా గళ్లు గళ్లు! "గిది సూసి మనిషిని ఎట్ల గుర్తువడ్తరే?" అంటూ అత్త మామ ముఖాన్నీ తెరనూ మార్చి మార్చి చూసింది. బయట జగిత్యాల బస్సు హారన్ కొడుతోంది. ఫ్యాను కిందే నా జాకెట్టు తడిసిపోయింది. మామ పోలేకపోతే దానికి కారణం నేనేనని చుట్టాలంతా అనుకోవడం అప్పుడే వినిపించసాగింది.

రాసిందంతా మొదటి నుంచి చదువుకుంటే అసలు సంగతి దొరికింది. నొక్కిన ప్రతిసారీ నా ప్రోగ్రాం కెమెరా ఫొటో నుంచి ముందు చిన్న సైజు తీసి, మిగతా సైజుల కోసం ఆ చిన్నదాన్నే మళ్లీ పెద్దది చేస్తోంది. చిన్నది చేసినప్పుడు పోయిన వివరాలు పెద్దది చేస్తే తిరిగి రావు కదా! అసలు ఫొటోను ముట్టకుండా పక్కన ఉంచి, ప్రతి సైజునూ దాని నుంచే తీసేలా మార్చి, కళ్లు మూసుకుని నొక్కాను. తెరిచేసరికి మామ గడ్డం మీది తెల్ల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించాయి. "గిప్పుడు మా ఆయనే" అంది అత్త.

ఫొటోలు అందాయి, వీసా వచ్చింది. దుబాయి విమానం కోసం మామ బొంబాయి బస్సెక్కే రోజు అందరూ ఏడుస్తుంటే నేను కిటికీ దగ్గరికి పరుగెత్తాను. "మామా, ఫొటో మంచిగున్నదన్నరా?"

"ఫొటోకేంది బిడ్డా, మస్తున్నది. ఆడ నేను నచ్చాలె గని" అన్నాడు. బస్సు కదిలింది. అత్త నా భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది, నా మనసేమో ఆ 'మస్తున్నది' దగ్గరే తిరుగుతోంది. మామ నిజంగానే వెళ్లిపోయాడన్న సంగతి ఇల్లు చేరి, అన్నం ముందు కూర్చున్నాక గానీ పిచ్చిపిల్లనైన నాకు తెలియలేదు.